నిమిషానికి అరవై ఆరు

మొన్న వానల్లో మా మనవడికి దగ్గు పట్టుకుంది. వాడికి పద్నాలుగు నెలలు. మా అమ్మాయి సుధ విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. అల్లుడు ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. పగలంతా పిల్లాడు నా చేతుల్లోనే ఉంటాడు. మొదటి రోజు ముక్కు కారింది, రెండో రోజు ఒళ్ళు వెచ్చబడింది, మూడో రోజుకి దగ్గు ఛాతీలోకి దిగిందని నాకనిపించింది. ఇక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఫ్లాటులో కిటికీలన్నీ మూసేశాను. బాల్కనీ తలుపుకి గడియ పెట్టి, కింద సందులోంచి గాలి రాకుండా పాత చీర కుక్కాను. పనమ్మాయిని నాలుగు రోజులు రావద్దన్నాను. పిల్లాడు బయటికి వేలు చూపించి ఏడుస్తుంటే కసిరాను. సాయంత్రం సుధ వచ్చి, "ఏంటమ్మా ఇది, ఇంట్లో ఊపిరాడట్లేదు" అంటే దాన్ని కూడా కసిరాను. అంతటితో ఆగినా బాగుండేది. అంతకు ముందెప్పుడో వాడికి చెవిపోటు వస్తే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ సిరప్పు ఫ్రిజ్‌లో సగం మిగిలి ఉంది. ఎవరికీ చెప్పకుండా పొద్దున ఒక మూత, మధ్యాహ్నం ఒక మూత వాడికి పట్టేశాను.

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా సుధ కంటే చిన్నపిల్ల ఆవిడ. వాణ్ణి సుధ ఒళ్ళో కదలకుండా కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, ఫోను బల్ల మీద పెట్టుకుని, ఒక నిమిషం పాటు వాడి పొట్ట వంక చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాతే స్టెతస్కోపు తీసింది. "ముప్ఫై నాలుగు. ఊపిరితిత్తులు బాగున్నాయండీ. ఇది వైరస్ వల్ల వచ్చిన దగ్గు. వారంలో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు" అంది.

"అక్కర్లేదంటే ఎలాగండీ? న్యుమోనియా అయితే?" అన్నాను.

"అయితే తప్పకుండా ఇవ్వాలండీ. వీడి వయసు పిల్లలు నిమిషానికి నలభై దాటి ఊపిరి తీస్తున్నా, ఏడాది లోపు వాళ్ళు యాభై దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా ఒక్క పూట కూడా ఆగకూడదు. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. వీడికి అవేవీ లేవు. లేని జబ్బుకి మందు పోస్తూ పోతే, నిజంగా జబ్బు వచ్చిన రోజున ఆ మందు పని చెయ్యకుండా పోతుంది."

నేను గొంతు పెంచాను. చిన్నపిల్లవి, నీకేం తెలుసన్నంత పని చేశాను. చివరికి, "నేను నిన్ననే రెండు మోతాదులు పోశాను" అనేశాను. సుధ నా వంక తిరిగి చూసింది. డాక్టరు మాత్రం నెమ్మదిగా, "నీళ్ళు కలిపిన సిరప్పు కొన్ని రోజులకే పనికిరాకుండా పోతుందండీ. ఇక పొయ్యకండి. అయినా మీరెందుకు ఇంత భయపడ్డారు?" అని అడిగింది. నేను పిల్లాడి చొక్కా కిందికి లాగి, వాణ్ణి భుజాన వేసుకుని లేచాను. ఇంటికొచ్చాక, సుధ నాతో మాట్లాడకుండా పిల్లాడికి అన్నం కలుపుతుంటే, జవాబంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చి నిలబడింది.

నా చిన్నప్పుడు మేము పామర్రులో ఉండేవాళ్ళం. బియ్యం మిల్లు వెనక సందులో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా మాది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ, బామ్మ, నేను, ఎనిమిది నెలల తమ్ముడు శేషు. నాకు పదకొండేళ్ళు. ఆ ఇల్లు తలచుకుంటే నాకు మొదట తగిలేది మిల్లులో ఉడకబెట్టిన వడ్ల వాసన. తడిసిన గోనెసంచిలాంటి, కొంచెం పులిసినట్టుండే వాసన. దాని మీద బామ్మ వేసే సాంబ్రాణి, ఆ పైన కుంపటి మీద వెచ్చబడుతున్న ఆముదం. బామ్మ తెల్లవారగానే నూతి దగ్గర స్నానం చేసి, మనుషులెవరూ తగలకుండా దండెం మీద ఆరేసుకున్న మడిచీర కట్టుకుని, వంటింటి మూల పీట మీద కూర్చునేది. ఇక పూజ అయి, వంట అయి, తను తిని లేచేదాకా ఎవరినీ ముట్టుకునేది కాదు. మేము ఆవిడ పక్కనుంచి వెళ్ళాలంటే గోడకి అతుక్కుని నడిచేవాళ్ళం. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుండాలో, ఎవరు ఎప్పుడు తలంటుకోవాలో, దగ్గుకి ఏమిటి, కడుపునొప్పికి ఏమిటి, అన్నీ ఆవిడ చెప్పినట్టే. అమ్మ ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఒంటరిగా వీధి మొగదాకా వెళ్ళడం కూడా నేను చూడలేదు. సంతకి నాన్న, నూతికి అమ్మ, గుడికి బామ్మతో కలిసి అమ్మ. అంతే.

నాకూ శేషుకీ మధ్య ఇంకో పిల్ల ఉండేది. చిట్టి అనేవాళ్ళం. ఐదు నెలల పిల్లప్పుడు డొక్కలెగరేసి పోయింది. న్యుమోనియా అనే మాట మా ఇంట్లో ఎవరికీ రాదు, డొక్కలెగరెయ్యడం అనే అనేవాళ్ళు. అప్పుడు నాకు నాలుగేళ్ళు, నాకేమీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా తర్వాత ఏళ్ళ తరబడి బామ్మ చెప్పిన మాట. "బెజవాడ తీసుకెళ్ళాం, సూది పొడిచారు, గంటలో పిల్ల పోయింది." ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. సూది అన్నచోట గొంతు గట్టిపడేది. నాన్న చదువుకున్నవాడే అయినా ఆ మాట వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ చేస్తున్న పని చేస్తూనే ఉండేది. అందుకని మా ఇంట్లో ఎవరికి ఎంత జ్వరం వచ్చినా సూది మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. నాన్న ఏదో ట్రైనింగు కోసం నెల రోజులు రాజమండ్రి వెళ్ళాడు. సందులో మోకాలి లోతు బురద. శేషుకి జలుబు చేసింది, వాడి నుంచి నాకూ దగ్గు అంటుకుంది. గాలి సోకకూడదని బామ్మ మమ్మల్నిద్దర్నీ, అమ్మనీ లోపలి గదిలో పెట్టి కిటికీ రెక్కలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కించింది. నన్ను బడి మాన్పించింది. గదిలో కుంపటి. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. తమలపాకులకి ఆముదం రాసి, కుంపటి మీద చూపించి, శేషు ఛాతీ మీద వెయ్యమని గుమ్మం బయట నుంచి అమ్మకి చెప్పేది. వస కొమ్ము అరగదీసి నాకించేది. బామ్మకి వాడంటే ప్రాణం. ఆ సంగతి నేను ఎప్పటికీ కాదనలేను. మడి విడిచాక సాయంత్రాలు వాణ్ణి ఒళ్ళో వేసుకుని, వాడి అరికాళ్ళు తన బుగ్గలకి ఆనించుకుని కూర్చునేది. అయినా ఆ గదిలో ఐదు రోజులు ఉన్నాం. పగలే చీకటి. పొగకి కళ్ళు మండేవి. మంచినీళ్ళ చెంబు కూడా ముసురు వాసన వేసేది. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని శేషుని భుజాన వేసుకుని అటూ ఇటూ ఊగుతూ ఉండేది. ఒకటి రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి, "అత్తయ్యా, ఒకసారి గవర్నమెంటాస్పత్రికి..." అని ఆగిపోయేది. "ఒకదాన్ని ఇచ్చాం కదమ్మాయ్, చాల్లేదూ?" అని బయట నుంచి వినబడేది. ఆ మాటకి అమ్మ వెనక్కొచ్చి మళ్ళీ పట్టె మీద కూర్చునేది.

ఐదో రోజు పొద్దున నాకు తోచలేదు. గూట్లో నాన్న అలారం గడియారం ఉంది. సెకన్ల ముల్లు దానికి వేరేగా చిన్న చక్రంలో తిరుగుతుంది. బళ్ళో సైన్సు మాస్టారు ఒకరోజు మా అందరిచేతా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తామో లెక్కపెట్టించాడు. నాది ఇరవై వచ్చింది. ఆటకి శేషుది లెక్కపెడదామనిపించింది. వాడు నిద్రపోతున్నాడు. ఏడుపు లేదు, కదలిక లేదు. రెండు రోజులుగా ఏడవట్లేదని అప్పటిదాకా నేను గమనించనేలేదు. ఛాతీ మీద ఆకులు తీసి చూస్తే, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడి లోపలికి పోతోంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. లెక్కపెట్టాను. తప్పనుకుని మళ్ళీ లెక్కపెట్టాను.

"అమ్మా, తమ్ముడికి అరవై ఆరు వచ్చింది."

"అరవై ఆరేంటే?"

"ఊపిర్లు. నిమిషానికి. నాకు ఇరవయ్యే."

అమ్మ గడియారం తీసుకుంది. తనకి అంకెలు వచ్చు, అంతకు మించి చదువు లేదు. శేషు పక్కన ఒంగి, పెదాలు కదుపుతూ తనే లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి లెక్క తప్పి మొదటి నుంచి మొదలుపెట్టింది. పూర్తయ్యాక గడియారం మంచం మీద పెట్టి, వాడి నోటికి పాలు అందించి చూసింది. వాడు రెండు గుక్కలు లాగి, ఆయాసం వచ్చి వదిలేశాడు. అమ్మ లేచి నిలబడింది. వాణ్ణి దుప్పట్లో చుట్టి, కొంగు బిగించుకుని, "రాజీ, నువ్వు కూడా రా" అని గది తలుపు తోసింది.

బామ్మ అప్పుడే స్నానం చేసి వచ్చింది. మడిచీరతో వంటింటి గుమ్మంలో ఉన్నదల్లా ఒక్క అంగలో వచ్చి వీధి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి."

"సూది పొడిపిస్తావా? దీన్ని కూడా చంపుకుంటావా?" అంది బామ్మ. వాడు మగపిల్లాడు. దీన్ని అంది. మాట తడబడిందని అప్పుడనుకున్నాను.

"వాడికి ఊపిరందట్లేదు. తప్పుకోండి అత్తయ్యా."

"నేను తప్పుకోను."

అమ్మ ఇంకో అడుగు ముందుకి వేసింది. వాళ్ళిద్దరి మధ్య జానెడు ఎడం. "తప్పుకోకపోతే మిమ్మల్ని ముట్టుకుంటాను. ముట్టుకుని తోసుకుని వెళతాను" అంది. బామ్మ తన నడుము మీది చెయ్యి తీసి, చీర ఒంటికి దగ్గరగా లాక్కుని, పక్కకి జరిగింది. మేము బురదలోకి దిగాం. వెనక నుంచి బామ్మ మమ్మల్ని పిలవలేదు.

ఆస్పత్రి వరండాలో అమ్మ ఒక్క మాటే పట్టుకుని కనబడినవాళ్ళందరికీ చెప్పింది. "అరవై ఆరండీ, నిమిషానికి అరవై ఆరు." డాక్టరు నడివయసాయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని శేషుని బల్ల మీద పడుకోబెట్టి చూశాడు. "ఎన్నాళ్ళైందమ్మా?"

"ఐదు రోజులండి."

"ఎవరు లెక్కపెట్టారు?"

అమ్మ నన్ను చూపించింది. ఆయన నా వంక చూశాడు. నర్సుని పిలిచి పెన్సిలిన్ అన్నాడు. ఆ గదిలో స్పిరిట్ వాసన, గిన్నెలో మరుగుతున్న గాజు సిరంజి చప్పుడు. ముందు చేతి మీద చిన్నగా ఒక చుక్క ఎక్కించి, పడుతుందో లేదో చూడాలని కాసేపు కూర్చోబెట్టారు. అంతసేపూ అమ్మ శేషు ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్ళుగా ఇంట్లో విన్న ఆ గంట ఇప్పుడు తన ఒళ్ళో మొదలవుతోందని అమ్మ భయపడుతోందనుకున్నాను. అసలు సూది దిగినప్పుడు వాడు మూలిగాడు. అంతే. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. వాడు ఉన్నాడు.

మమ్మల్ని వార్డులో ఒక ఇనుప మంచం మీద ఉంచారు. అక్కడి నుంచి కదలడానికి లేదు. రోజూ ఇంజక్షన్లు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది, మూడో రోజు పాలు తాగాడు, అమ్మ జడ లాగాడు. అమ్మ ఇంటికి పోతామంది. డాక్టరు ఒప్పుకోలేదు. "నవ్వుతున్నాడని వదిలేస్తే ఆ జబ్బు మళ్ళీ లేస్తుందమ్మా. అప్పుడిక లొంగదు. ఇంకో నాలుగు రోజులు పూర్తి చేసుకుని వెళ్ళండి." అమ్మ తలూపింది. పోతామందే గానీ, తనకి ఆ మంచం మీద ఉండడం కంటే ఇంటికి తిరిగి వెళ్ళడమంటేనే ఎక్కువ భయంగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి ఎలా అడుగుపెట్టాలో అమ్మకి తెలియదు. వీధికి ఎదురుగా ఉన్న కిటికీ దగ్గర నిలబడి ఊరికే వాన చూసేది.

నాలుగో రోజు పొద్దెక్కాక బామ్మ వచ్చింది. ఆస్పత్రి గడప తొక్కితే తలస్నానం చేసేదాకా మంచినీళ్ళు ముట్టని మనిషి, చారన్నం కారేజీ పట్టుకుని, చీర అంచుకి బురదతో వార్డులోకి వచ్చి, మంచం చివర కూర్చుంది. అమ్మ తలొంచుకుని, బట్టలు తడిపే పని ఉందని పంపు దగ్గరికి వెళ్ళింది. బామ్మ శేషుని ముట్టుకోలేదు. చాలాసేపు చూసి, "రాజీ, అదెలా లెక్కపెట్టావో నాకూ చూపించవే" అంది. నేను వాడి చొక్కా పైకెత్తి చూపించాను. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. గోడ గడియారం చూసి నేను ఆపమన్నాను. ముప్ఫై ఎనిమిది.

"చిట్టికి ఇంతకింత ఉండేది" అంది బామ్మ. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఎటో చూస్తూ, పదకొండేళ్ళ పిల్లతో మాట్లాడుతున్నానన్న ధ్యాస లేకుండా చెప్పుకుంటూ పోయింది. "ఆరు రోజులు ఎగరేసిందే డొక్కలు. మొదటి రోజే మీ అమ్మ ఆస్పత్రంది. మీ నాన్న బండి మాట్లాడతానన్నాడు. నేనే వద్దన్నాను. ఆకు వేస్తే తగ్గుతుందన్నాను. బెజవాడ చేరేసరికి దాని గోళ్ళు నీలంగా ఉన్నాయి. సూది వేసినాయన ముందే చెప్పాడు, ఆలస్యమైపోయిందమ్మా అని. బయటికొచ్చాక పక్కనెవరో సూది వికటించిందేమో అన్నారు. ఆ మాట పట్టుకున్నానే నేను. వదిలిపెడితే నేనేమైపోవాలి?" కళ్ళు తుడుచుకోలేదు. "మొన్న మడి కోసం తప్పుకున్నాననుకుంటోంది మీ అమ్మ. మడి కోసం కాదే. మీ అమ్మకి చెప్పకు" అంది.

ఏది చెప్పకూడదో నాకు తెలియలేదు. రెండూ చెప్పలేదు. ఇంటికొచ్చాక బామ్మ మారిపోయిందా అంటే, మడి మారలేదు, పెత్తనం మారలేదు. కానీ సందులో ఏ పిల్లకి దగ్గొచ్చినా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. "మా రాజీ లెక్కపెడుతుంది, ఉండండి" అనేది. ఎక్కువొస్తే ఆస్పత్రికి తోలేది, తక్కువొస్తే ఊరికే జలుబని చెప్పి వచ్చేసేది. సూది సంగతి మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. చిట్టి పేరే ఎత్తలేదు. నేను ఆ మాట మోసుకుంటూ పెద్దదాన్నయ్యాను. అన్నం తినేటప్పుడు, బామ్మ వడ్డిస్తుంటే, అమ్మ తింటుంటే, వాళ్ళిద్దరి మధ్య నేను కూర్చుని ఉండేదాన్ని. చెబితే బామ్మని చంపినట్టు, చెప్పకపోతే అమ్మకి అన్యాయం చేసినట్టు. పిల్లలకి అప్పగించకూడని బరువు అది.

బామ్మ పోయి చాలా ఏళ్ళైంది. నాన్న కూడా పోయాడు. శేషు ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. వాడి గొంతు రెండు వీధుల అవతలికి వినబడుతుంది, అంత ఊపిరి. అమ్మ చివరి రోజుల్లో నా దగ్గర ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, ఎందుకో ఆగలేక మొత్తం చెప్పేశాను. అమ్మ చేతిలో కాయ ఈనె పూర్తిగా తీశాకే తలెత్తింది.

"నాకు తెలుసే" అంది. "గోళ్ళు నేనూ చూశానుగా. డాక్టరన్న మాట నేనూ విన్నాను. ఆవిడ సూది వల్లే అంటుంటే, పోన్లే, పెద్దావిడ, అలా అనుకుంటేనే నాలుగు ముద్దలు తింటుంది కదా అని జాలిపడి ఊరుకున్నాను. మీ నాన్నా ఊరుకున్నారు. అందరం కలిసి ఆ మాటని నిజం చేశాం. చివరికి అదే శేషుకి అడ్డం నిలబడింది. చిట్టి పోయిన రోజే నేను, కాదత్తయ్యా, ఆలస్యం వల్ల పోయిందని ఒక్క మాట అనుంటే, వాడు ఐదు రోజులు ఆ పొగలో కొట్టుకోవాల్సిన పని లేకపోను."

ఇదంతా ఆ సాయంత్రం నేను సుధకి చెప్పాను. అప్పటిదాకా దానికి చిట్టి అనే పిల్ల ఉండేదనే తెలియదు. అప్పుడు మందు ఉండీ అందనిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు సందు సందుకీ మందుల షాపు ఉంటే, అక్కర్లేని పిల్లాడికి దాచి దాచి పోశాను. బామ్మ సూదికి భయపడి తలుపులు మూసింది, నేను సూది అందదేమోనని భయపడి మూశాను. లోపల ఉన్న పిల్లలకి మాత్రం రెండూ ఒకటే గది. ఇలా ఏదేదో అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని విన్నది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం అమ్మ, పోనీలే అంటుందనుకున్నాను.

"నీ భయం నాకర్థమైందమ్మా" అంది. "కానీ ఇంకోసారి నన్నడక్కుండా వాడి నోట్లో చుక్క మందు పోశావంటే, వాణ్ణి నీ దగ్గర వదిలి వెళ్ళను."

చాలా కష్టంగా అనిపించింది. ఇప్పుడిది రాస్తున్నా కష్టంగానే ఉంది. కానీ ఇలాంటి ఒక్క మాట అత్తగారితో అనలేక మా అమ్మ ఆ రెండు గదుల్లో ఎన్నేళ్ళు తిరిగిందో నేను చూశాను. మా అమ్మాయికి ఆ మాట అనడానికి ఒక్క సాయంత్రం పట్టింది. సరేనన్నాను.